హ్యూమిడార్‌కు శీతల యంత్రం బిగించింది ఎవరు?

ప్రశ్న (సంక్షిప్తంగా): నేను హైదరాబాద్‌లో ఉంటాను. 2022లో 2,10,000 రూపాయలకు సిగార్లు నిల్వ చేసే హ్యూమిడార్ అల్మరా కొన్నాను. ఎండాకాలంలో లోపలి వేడి 30 డిగ్రీలు దాటుతోందని చెబితే, దుకాణంలోని ఉద్యోగి వాట్సాప్‌లో ఒక ఫ్రిజ్ మెకానిక్ నంబరు పంపాడు. 2024 ఏప్రిల్‌లో ఆ మెకానిక్ వెనుక చెక్క కోసి, పెల్టియర్ శీతల యంత్రం (కరెంటుతో ఒక పలకను చల్లబరిచేది), థర్మోస్టాట్ బిగించి, యూపీఐ ద్వారా 38,000 తీసుకున్నాడు, బిల్లు ఇవ్వలేదు. జూన్ 9న చూస్తే కొన్ని సిగార్లకు బూజు పట్టింది, తక్కినవి ఎండి పగిలాయి. అవి ఈమధ్యే కాలం చేసిన మా బావగారు విదేశాల నుంచి తెచ్చి ఇచ్చినవి. కొలువు మానేసిన ఆ ఉద్యోగి, యంత్రం అల్మరాతోనే వచ్చినట్లు 2022 తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: బావగారి గురించి రెండు పేజీలు రాసిన మీరు, వారంటీ పత్రంలో ఏముందో ఒక్క వాక్యమైనా రాయలేదు. మీ కేసును తేల్చేది ఒక్కటే అంశం: అల్మరాను మార్చింది ఎవరు? వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 86వ సెక్షన్ ప్రకారం, వస్తువును అమ్మకందారే మార్చి, ఆ మార్పే నష్టానికి ముఖ్య కారణమైతే అతడు బాధ్యుడవుతాడు. నష్టం జరిగే నాటికి వస్తువు మార్పుకు గురై ఉంటే అమ్మకందారుపై ఉత్పత్తి బాధ్యత దావా (వస్తువు లోపం వల్ల కలిగిన నష్టానికి పరిహారం కోరే దావా) చెల్లదని 87వ సెక్షన్ చెబుతున్నది. కనుక ఆ వాట్సాప్ సందేశంలో దుకాణం పని ఒప్పుకున్నదా, లేక ఉత్త నంబరు పంపి ఊరుకున్నదా అన్నదే ప్రశ్న. ఉత్త నంబరే అయితే దుకాణాన్ని మరచిపోండి. మెకానిక్ మీద సేవాలోపం ఫిర్యాదు మాత్రం నిలుస్తుంది.

మీరు విడివిడిగా చెప్పుకున్న రెండు నష్టాలూ నిజానికి ఒకే లోపం నుంచి పుట్టినవి. సిగార్లకు సుమారు 18 నుంచి 21 డిగ్రీల వేడి, 65 నుంచి 70 శాతం గాలితేమ కావాలి. గాలిని చల్లబరిస్తే అందులోని తేమ చల్లని పలక మీద నీరై దిగుతుంది. ఆ నీటిని పట్టి బయటికి పంపే ఏర్పాటు, పోయిన తేమను తిరిగి నింపే ఏర్పాటు లేకపోతే, పలక దగ్గరి చెక్క నాని బూజు పడుతుంది, దూరంగా ఉన్న అరలు ఎండిపోతాయి. ఈ మాట మీరు చెబితే వాదన. శీతలీకరణ ఇంజనీరు అల్మరాను పరిశీలించి అఫిడవిట్‌పై చెబితే సాక్ష్యం. అంతవరకు యంత్రాన్ని విప్పవద్దు, బూజు తుడవవద్దు, పాడైన సిగార్లను పారేయవద్దు. ఫోన్‌లోని ఫొటోలకు, సందేశాలకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఆ ఫోన్‌ను మార్చకండి.

గడువు విషయంలో మీ అజాగ్రత్త క్షమించరానిది. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు ఆధారమైన సంఘటన) పుట్టిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. జూన్ 9నే నష్టం కనబడిందంటే మీకు 2026 జూన్ 9 వరకు, అంటే మీ లేఖ నాకు చేరిన నాటి నుంచి నెల రోజులే, సమయం ఉంది. అవతలి న్యాయవాది గడువు బిగింపు జరిగిన ఏప్రిల్ నుంచే లెక్కించాలని, కనుక అది దాటిపోయిందని వాదిస్తారు. అందువల్ల జూన్ 9న తీసిన ఫొటోలే మీకు ప్రాణం. వాటితోపాటు, ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తును కూడా ముందుజాగ్రత్తగా జతచేయండి. ‘చూద్దాం సార్’ అని దుకాణం వారు చెప్పిన మాటలు గాని, మీరు పంపబోయే నోటీసు గాని గడువును పొడిగించవు.

ఆ పాత తేదీ బిల్లును ముట్టుకోకండి. వినియోగదారుల కమిషన్ ముందు నడిచే విచారణను చట్టం న్యాయ విచారణగానే పరిగణిస్తుంది. అక్కడ దొంగ పత్రం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. పైగా 2024 నాటి మీ యూపీఐ చెల్లింపే ఆ బిల్లును అబద్ధమని చాటుతుంది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

సిగార్ల విలువ కోరే ముందు మరొక మాట. ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోదగినవి 25 సిగార్లే. బావగారు ఒక్క రాకలో అంతకు మించి తెచ్చి ఉండి, సుంకం రసీదు లేకపోతే, వాటి ధర అడగడం మీ ఇంటి గుట్టును మీరే రాసివ్వడం అవుతుంది. రసీదులున్న వాటికే విలువ అడగండి.

చేయవలసినది ఇది: ఈ వారంలోనే మెకానిక్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జవాబు కోసం పదిహేను రోజులకు మించి ఆగకుండా, హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఈ-జాగృతి పోర్టల్ (వినియోగదారుల ఫిర్యాదులు ఆన్‌లైన్‌లో దాఖలు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) ద్వారా ఫిర్యాదు దాఖలు చేయండి. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు; చెల్లించిన సొమ్ము అయిదు లక్షలు మించలేదు కనుక రుసుము ఉండదు. 38,000 వాపసు, అల్మరా చెక్క బాగుచేయించే ఖర్చు, ఇంజనీరు ఫీజు కోరండి. బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార విధానంగా విడిగా ఆరోపించండి. దుకాణాన్ని రెండవ ప్రతివాదిగా చేర్చాలో లేదో ఆ వాట్సాప్ సందేశం పూర్తి పాఠం చూసి చెప్పగలను. దాని ప్రతిని పంపండి, మీ మాటల్లో సారాంశం కాదు.