ఆఫీసులో వెంకీ, బుజ్జమ్మ అని పిలుస్తున్నారు, నచ్చట్లేదని ఎలా చెప్పాలి?

మీరు అడిగినదాంట్లో రెండు వేర్వేరు గొడవలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీద్దాం. పాస్‌పోర్టులో మీ పేరు వెంకట నాగ లక్ష్మీ ప్రసన్న. అందులో మొదటి ముక్క పట్టుకుని సిస్టమ్ మిమ్మల్ని వెంకట చేసింది, టీమ్ వెంకీ చేసింది. ఇది కంప్యూటర్ పెట్టిన తంటా, తేలిగ్గానే తీరుతుంది. రెండోది, మీ టీమ్ లీడ్ అందరి ముందూ బుజ్జమ్మా అంటున్నాడు. ఇది మనిషితో వ్యవహారం. ఇంట్లో, కాలేజీలో అందరూ ప్రసన్న అనే పిలిచేవారు, ఇక్కడా అలాగే పిలవమంటే "అబ్బో, పేరు దగ్గర కూడా పట్టింపులేనా" అనుకుంటారేమోనని మీ భయం. చేరి నెల కూడా కాలేదన్నారు కాబట్టి చెప్పడానికి ఇదే మంచి టైమ్. ఇంకో ఆరు నెలలు పోయాక నోరు తెరిస్తే "ఇన్నాళ్లూ పలికావుగా, ఇప్పుడేమొచ్చింది" అంటారు, అప్పుడు జవాబు చెప్పుకోవడం కష్టం.

నా సంగతి చెప్తాను. మాది ఉమ్మడి తూర్పుగోదావరి. కాగితాల మీద వెంకట సత్యనారాయణ, ఇంట్లో సత్తిబాబు. అన్నవరం దగ్గర ఊళ్లు కదా, మా వైపు సత్తిబాబు లేని వీధి ఉండదు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు అందరికీ సత్య అని చెప్పుకున్నాను, అలాగే నడిచింది. తర్వాత చిన్నప్పుడు నాతో చదువుకున్న మా ఊరివాడొకడు పక్క ప్రాజెక్టులోకి వచ్చాడు. క్యాంటీన్లో లైన్లో నిలబడి ఉంటే వెనక నుంచి "ఒరేయ్ సత్తిగా" అని కేకేశాడు. వాడు అలా పిలిస్తే నాకేమీ అనిపించదు, పిలవకపోతేనే ఏదో తేడాగా ఉంటుంది. కానీ ఆ మధ్యాహ్నం నుంచే మా టీమ్‌లో కూడా సత్తి అనడం మొదలైంది. పేరు మారితే మారింది, దాంతోపాటు "మీరు" పోయి "నువ్వు" వచ్చింది, కొందరి నోట "రా" కూడా వచ్చేసింది. నిన్నటిదాకా "సత్యా, ఈ టికెట్ ఒకసారి చూస్తారా" అన్నవాళ్లు ఇవాళ "సత్తీ, ఇది చూడరా" అంటున్నారు. నాకు గుచ్చుకున్నది అదీ, సత్తి అనే పేరు కాదు.

మర్నాడు టీ దగ్గర, ఎక్కువగా అంటున్నవాళ్లిద్దరికీ విడివిడిగా చెప్పాను. "అది ఇంట్లో పేరు బ్రో, ఆఫీసులో సత్య అనండి. వాడంటే మా ఊరివాడు, వాడికి మాఫీ." అంతే. ఇద్దరూ నవ్వారు, ఒకతను ఆ రోజే మానేశాడు. రెండో అతను ఇంకొన్నాళ్లు అంటూనే ఉన్నాడు, అన్న ప్రతిసారీ మామూలు గొంతుతో "సత్య" అని ఒక్క మాట అనేసి అతనడిగిన పని సంగతిలోకి వెళ్లిపోయేవాణ్ని. కొన్నాళ్లకి అతనికే విసుగొచ్చి మానేశాడు. ఇలాంటప్పుడు పలకకుండా కూర్చోమని కొందరు సలహా ఇస్తారు, నాకు అది నచ్చదు. ఆఫీసులో పలక్కపోతే పని ఆగిందన్న మాట మన మీదకే వస్తుంది.

ఇక ముద్దుపేరు సరదాదా కాదా అన్నది తేల్చుకోవడానికి నేను చూసేది ఒకటే: అదే చనువు పైవాళ్ల దగ్గర కూడా నడుస్తోందా, లేక కిందవాళ్ల మీదేనా? మా ఫ్లోర్‌లో ఆపరేషన్స్‌లో ఒక పెద్దాయన ఉండేవారు, ఆయన అందరికీ బాబాయ్. నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషర్ నుంచి డెలివరీ హెడ్ దాకా బాబాయ్ అనే పిలిచేవారు, ఆయన కూడా ఎవరినీ వదలకుండా డెలివరీ హెడ్‌ని సైతం "ఏం అబ్బాయ్" అనేవారు. దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు.

అదే ఫ్లోర్‌లో విజయనగరం జిల్లా నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు, పేరు అప్పలతో మొదలవుతుంది. చేరిన వారంలోనే అతన్ని యాపిల్ చేశారు. అప్పల అంటే సింహాచలం అప్పన్న పేరు. ఉత్తరాంధ్రలో అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, పైడితల్లమ్మ పేరు మీద పైడిరాజు, పైడమ్మ. తెలంగాణలో గుట్ట నరసింహస్వామి పేరున యాదగిరి, కొమురవెల్లి మల్లన్న పేరున మల్లేశం. ఇవన్నీ ఇంట్లోవాళ్లు మొక్కుకుని పెట్టుకున్న పేర్లు. హైటెక్ సిటీ లిఫ్టులోకి వచ్చేసరికి ఇవి జోకులైపోతాయి, ఆర్యన్, విహాన్ అంటే మాత్రం ఎవరికీ నవ్వు రాదు. (ఈ రోగం గురించి ఇంకెప్పుడైనా విడిగా రాస్తాను, ఇక్కడ మొదలుపెడితే ఆగను.) ఆ కుర్రాడు పైకి నవ్వేవాడు, అందరూ "వాడు లైట్‌గానే తీసుకుంటాడు" అనేవారు. కానీ వాళ్లలో ఒక్కరు కూడా మేనేజర్ పేరుని విరిచి పండు పేరు పెట్టలేదు. చివరికి క్లయింట్ కాల్‌లో కూడా యాపిల్ అనే పరిచయం చేశారు. ఆ క్లయింట్ మేడమ్ అతని పని మెచ్చుకుంటూ అప్రైజల్ ముందు ఒక మెయిల్ పంపితే అందులోనూ యాపిలే, హెచ్ఆర్ వాళ్లకి ఆ యాపిల్ ఎవరో అర్థం కాక మా లీడ్‌ని అడగాల్సి వచ్చింది. అది జరిగాక ఆ కుర్రాడే లేచి "ఇకనుంచి పేరు పెట్టి పిలవండి అన్నా" అన్నాడు, అందరూ గమ్మున మారారు.

మీ లీడ్ విషయంలో కూడా అదే చూడండి. టీమ్‌లో మీ వయసు మగపిల్లల్ని బుజ్జిబాబూ అంటున్నాడా? తన పై మేనేజర్ మేడమ్‌ని బుజ్జమ్మా అంటాడా? అనడని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అలాగని ఆయన చెడ్డవాడని కాదు, బహుశా ఇంట్లో మీ వయసు చెల్లెలో మేనకోడలో ఉండి ఉంటుంది, నోటికి అలవాటు. కానీ కాల్‌లో బుజ్జమ్మ అన్న అమ్మాయికి రేపు మాడ్యూల్ (ప్రాజెక్టులో ఒక భాగం) అప్పజెప్పాలంటే వినేవాళ్లకి నమ్మకం కుదరదు. మీరు పట్టించుకోవాల్సింది అందుకే.

చెప్పేటప్పుడు అందరి ముందూ వద్దు, స్టాండప్ (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్) అయ్యాక ఆయన ఒక్కరే ఉన్నప్పుడు చెప్పండి. మీ ఆఫీసులో ఆయన్ని అన్నా అంటారో సర్ అంటారో ఆ పిలుపుతోనే మొదలుపెట్టండి. "అన్నా, ఒక చిన్న మాట. మీరు ప్రేమగానే అంటున్నారు, కానీ టీమ్ ముందు, కాల్స్‌లో నన్ను ప్రసన్న అని పిలవండి. క్లయింట్‌కి కూడా ఆ పేరే అలవాటవ్వాలి." ఇంతకంటే పొడిగించకండి. "ఏమీ అనుకోకండి, నాదే కొంచెం ఓవర్ కావచ్చు" అని తోకలు తగిలిస్తే ఆయన ఆ తోకే పట్టుకుంటాడు. ఇంకోటి, వద్దన్న పేరు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు, కావాల్సిన పేరు కూడా చెప్పాలి. లేకపోతే బుజ్జమ్మ పోయి చిట్టెమ్మ వస్తుంది.

మళ్లీ మర్చిపోయి అంటే ఒకటి రెండుసార్లు నవ్వుతూ "ప్రసన్న అన్నా" అనండి. అయినా ఆగకపోతే అదే మాట చాట్‌లో పెట్టండి, రాతలో ఉంటుంది. బుజ్జమ్మ అన్నందుకే కంప్లయింట్ దాకా వెళ్లమని నేను చెప్పను. కానీ ఆ పిలుపు పక్కన మీ ఒంటి గురించో బట్టల గురించో మాటలు, ద్వంద్వార్థాలు చేరితే అది వేరే సంగతి. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 నుంచి ఉంది, పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి, జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. కాబట్టి అలాంటిదేదైనా జరిగితే తేదీలు రాసి పెట్టుకోండి.

కులం తోకల గురించి కూడా ఒక మాట. మన ఆఫీసుల్లో రెడ్డిగారూ, చౌదరిగారూ, శాస్త్రిగారూ అని పిలవడం మర్యాదనుకుంటారు, ఆ తోక ఉన్నవాళ్లకి ఇష్టమైతే వాళ్లిష్టం, కానీ అది లేనివాళ్లు ఆ గదిలో పక్కకి పోయినట్టుంటుంది. కొత్తగా చేరినవాళ్లని "ఇంటిపేరేంటి" అని కూపీ లాగడం ఎందుకో కూడా మనందరికీ తెలిసిందే. మిమ్మల్నీ ఎవరైనా అడిగితే ఇంటిపేరు మొదటి అక్షరం చెప్పి ఊరుకోవచ్చు, తప్పేం లేదు.

టీమ్‌లో ఇప్పటికే ఇంకో ప్రసన్న ఉంటే? ఇది తప్పకుండా వచ్చే ప్రశ్న. మీరిద్దరూ కూర్చుని తేల్చుకోకపోతే జనమే తేలుస్తారు, వాళ్లు తేలిస్తే పెద్ద ప్రసన్న, చిన్న ప్రసన్నలతో మొదలై పొట్టి, లావు, నలుపు దాకా వెళ్తుంది. మా దగ్గర ముగ్గురు శ్రీనులు ఉండేవారు, వాళ్లలో ఒకరికి అలాంటి పేరే పడింది, ఆయన కంపెనీ మారేదాకా అది పోలేదు. దీనికి మనవాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఒక మంచి పద్ధతి ఉంది, పొడి అక్షరాలు. పీవీ, ఎన్టీఆర్, వైఎస్సార్ అన్నప్పుడు మర్యాద ఏమాత్రం తగ్గలేదు కదా. కాలేజీ లెక్చరర్లలో, ప్రభుత్వ ఆఫీసుల్లో కేవీఆర్ గారు, జీఎస్ఎన్ మేడమ్ అని ఇప్పటికీ నడుస్తోంది. మీరు ఎన్ఎల్ ప్రసన్న అవ్వచ్చు.

ఇక సిస్టమ్ సంగతి. హెచ్ఆర్ పోర్టల్‌లో ప్రిఫర్డ్ నేమ్ అనే గడి ఉందేమో చూడండి, వర్క్‌డే అనే హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ వాడే కంపెనీల్లో మామూలుగా ఉంటుంది. అక్కడ ప్రసన్న అని పెడితే చాలాచోట్ల అవుట్‌లుక్, టీమ్స్‌లోకి అదే వచ్చేస్తుంది, రాకపోతే ఐటీ వాళ్లకి టికెట్ వేయండి, అంటే వాళ్ల సిస్టమ్‌లో రిక్వెస్ట్ పెట్టండి. స్లాక్ అయితే కంపెనీ తాళం వేయకపోతే డిస్‌ప్లే నేమ్ మీరే మార్చుకోవచ్చు. స్క్రీన్ మీద వెంకట అని కనిపిస్తున్నంత కాలం కొత్తవాళ్లు వెంకీ అంటూనే ఉంటారు, మీరెంతమందికని చెప్తారు. కానీ జీతం, పీఎఫ్, ఫారం 16, బీమా, వీసా కాగితాల జోలికి మాత్రం వెళ్లకండి, అక్కడ ఆధార్‌లో, పాన్‌లో, వీసాకైతే పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. పీఎఫ్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే డబ్బు తీసుకునేటప్పుడు తిప్పలు మామూలుగా ఉండవు.

ఆన్‌సైట్ (విదేశంలో క్లయింట్ దగ్గర పని) ఆలోచన ఉంటే పాస్‌పోర్టు కూడా ఇప్పుడే తీసి చూసుకోండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్ల ఫారాల్లో అది చివర, ఈ తిరకాసులో ఎంతమందినో అమెరికాలో ఇంటిపేరు పెట్టి పిలుస్తుంటారు. అంతకంటే ఘోరం, పేరు మొత్తం సర్‌నేమ్ గడిలోనే ఉండి గివెన్ నేమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు, మొదటి పేరు తెలియదని దానర్థం. డల్లాస్‌లో మా బంధువుల అబ్బాయిని క్లినిక్‌లో ఫ్నూ అని పిలిచేవారు.

క్లయింట్లతో మాత్రం మొదటి కాల్‌లోనే చెప్పేయండి. వాళ్లు ఆ పేరెలా పలకాలని అడుగుతారు, అప్పుడు మొహమాటపడి "మీకు ఏది తేలికైతే అది" అనకండి, అన్నారంటే ప్రాస్ అయిపోతారు. మీకే శ్రీ, సాయి లాంటి పొట్టి పేరు ఇష్టమైతే అది వేరు, మీరు ఎంచుకున్నది కాబట్టి. మా టీమ్‌లో నాగమణి అనే ఆవిడ పేరు కుదించడానికి అస్సలు ఒప్పుకోలేదు. నిదానంగా విడదీసి పలికి చూపించేవారు, కొన్ని కాల్స్ తిరిగేసరికి అందరూ శుభ్రంగా నాగమణి అన్నారు. లింక్డ్‌ఇన్‌లో పది సెకన్లలో మన పేరు మనమే పలికి రికార్డ్ చేసి పెట్టుకునే వీలుంది, అది కూడా చేసి పెట్టండి.

మెయిల్ ఐడీ మార్చమని మాత్రం తొందరపడకండి. జిరా, గిట్, వీపీఎన్ లాంటి పని సాఫ్ట్‌వేర్ల లాగిన్లు చాలాచోట్ల దానికే కట్టేసి ఉంటాయి, మార్చిన రోజు సగం తలుపులు మూసుకుపోతాయి. పాత ఐడీ అలాగే ఉంచి ప్రసన్న పేరుతో ఏలియాస్ (అదే ఇన్‌బాక్స్‌కి రెండో అడ్రస్) ఇవ్వమని అడగండి, ఎవరు దేనికి పంపినా మీ ఇన్‌బాక్స్‌కే వస్తుంది.