బాయిలో దొరికిన చేప రాయిని లాకెట్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: వకీల్ సాబ్, నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, ప్రాణహిత పక్క ఊరు. పోయిన ఎండాకాలం మా చేన్లో బాయి పూడిక తీయిస్తుంటే ఒక సున్నపురాయి పలక పగిలి, లోపల నిగనిగలాడే గోధుమరంగు పొలుసులు కనపడ్డాయి. ఒక్కోటి చిటికెన వేలి గోరంత. ఇది చేప శిలాజం అని కాలేజీలో చదివే మా అబ్బాయి అంటున్నాడు. వచ్చే నెల కోడలి సీమంతం. ఆ ముక్కను వెండిలో పొదిగించి లాకెట్ చేయిద్దామని నా కోరిక. చెన్నూరులో మా కంసాలి చేస్తానన్నాడు. తునికాకుకు పోయినప్పుడు అడివిలో ఏరిన కట్టె రాయి (రాయిగా మారిన పాతకాలపు చెట్టు) ముక్కలు నాలుగున్నాయి, వాటితో కమ్మలు చేయిద్దామనుకున్నా. "డైనోసార్ రాళ్లు ముట్టుకుంటే జైలే" అని మా మరిది భయపెడుతున్నాడు. మా అక్క కొడుకేమో ఆన్‌లైన్‌లో అమ్మితే మంచి ధర వస్తుంది, ఇంకా తవ్విద్దాం అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ మరిది చెప్పినదాంట్లో సగం నిజముందమ్మా. మీ అక్క కొడుకు సంగతి చివర్లో చూద్దాం.

శిలాజాన్ని ఇంట్లో పెట్టుకోవడమే నేరం అని చెప్పే చట్టం మన దేశంలో లేదు. భూవారసత్వ స్థలాలు, భూ అవశేషాల పరిరక్షణ కోసం కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబర్‌లో ఒక బిల్లు ముసాయిదా జనం ముందు పెట్టింది. అందులో శిలాజాలూ ఉన్నాయి. పార్లమెంటు ఆమోదించేదాకా ముసాయిదా ముసాయిదానే, దాని పేరు చెప్పి ఎవరూ మిమ్మల్ని పట్టుకోలేరు. 1972 నాటి పురావస్తువుల చట్టం ఇంకొకటి. ఫోన్లలో తిరిగే జైలు కబుర్లు ఎక్కువగా దీని పేరుతోనే వస్తాయి. నాణెం, శిల్పం, చిత్రం, శాసనం, పాతకాలపు శాస్త్రాన్నో కళనో మతాన్నో ఆచారాన్నో చూపే వస్తువు, ఇలాంటివి నూరేళ్లు దాటితే ఆ చట్టం లెక్కలో పురావస్తువులు. మొత్తం చదివితే మనిషి చేతిపనిని కాపాడడానికి రాసిన చట్టం అని తెలిసిపోతుంది. మీ చేపకు నూరేళ్లేం ఖర్మ, పదిహేడు పద్దెనిమిది కోట్ల ఏళ్లు ఉంటాయి, కానీ దాన్ని ఎవరూ చెక్కలేదు. అందుకని ఆ చట్టం దీనికి వర్తించదనే నా అభిప్రాయం. అంతెందుకు, మన దేవుడి గదుల్లోని సాలగ్రామాలు గండకీ నదిలో దొరికే అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజాలే. వాటికి అభిషేకం చేసినందుకు కేసైన మనిషిని నేను చూడలేదు.

మరి మరిది మాటలో నిజం ఎంత? అది తేలాలంటే రాయి ఏ నేలలో దొరికిందో చూడాలి. మీరు చెప్పిన రెండు రకాల రాళ్లూ రెండు వేరు వేరు నేలల్లోవి. వాటికి చట్టాలూ వేరే.

ముందు కష్టమైనది చెప్తాను. అడివిలో ఏరిన కట్టె రాళ్లతో కమ్మలు చేయించకండి. 1927 నాటి భారత అటవీ చట్టంలో 'అటవీ ఉత్పత్తి' అంటే కలప, బంక, తేనె మాత్రమే అని చాలామంది అనుకుంటారు. అడివిలో దొరికిన, అడివి నుంచి తెచ్చిన రాయి, ఖనిజం, పైమట్టి కూడా ఆ మాటలోకి వస్తాయి. రిజర్వు అడివిలోంచి దాన్ని ఏరడం, తీసుకుపోవడం సెక్షన్ 26 కింద నేరం. ఆ వస్తువు ఎవరిదన్న తగాదా వస్తే సెక్షన్ 69 ఇంకో చిక్కు పెడుతుంది: వేరే రుజువు లేనంతవరకు అది సర్కారుదే అని కోర్టు అనుకోవాలి. అంటే రుజువు భారం మీ మీద పడుతుంది. పైగా మీ తాలూకాలో వడధం దగ్గర అటవీ శాఖ ఫాసిల్ పార్కే పెట్టింది. "అది మామూలు రాయి అనుకున్నా సార్" అంటే వేరే జిల్లాలో గార్డు నమ్ముతాడేమో, సిరొంచలో నమ్మడు.

ఇక్కడ ఒక తెలివైన వాదన ఉంది, నాతో ఒక కుర్ర వకీలు గంటసేపు వాదించాడు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం చిన్న తరహా అటవీ ఉత్పత్తులు, అంటే తునికాకు, వెదురు, తేనె, లక్క లాంటివి ఏరుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం అడివి మీద బతికేవాళ్ల హక్కు. చట్టంలో రాసిన మాట 'మొక్కల నుంచి వచ్చిన' ఉత్పత్తి. కట్టె రాయి ఒకప్పుడు చెట్టే కదా సార్, మరి హక్కు ఎందుకుండదు అన్నాడు. నవ్వొచ్చింది గానీ కొట్టిపారేయలేం. నా జవాబు మాత్రం ఇదీ: ఆ చెట్టు కణాల్లో కోట్ల ఏళ్లపాటు సిలికా నిండిపోయి, మనకు మిగిలింది రాయి. చెట్టు ఆకారం ఉన్నంత మాత్రాన కోర్టు దాన్ని తునికాకు పక్కన కూర్చోబెట్టదు. మీ కమ్మల కోసం ఆ వాదనను హైకోర్టు దాకా తీసుకుపోయే ఓపిక మీకుంటే నాకు అభ్యంతరం లేదు!

ఆ నాలుగు ముక్కల్ని ఏం చేయాలి? రాత్రిపూట తీసుకెళ్లి వాగులో పడేయకండి. పంచనామాలో అది ఇంకా చెడ్డగా కనపడుతుంది. ఒక కాగితం మీద ఎప్పుడు, ఏ దారిలో, తెలియక ఏరామని మరాఠీలో రాయించి, గ్రామసభ పెద్దనో మీ దగ్గర్లోని వకీలునో వెంటబెట్టుకుని అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అప్పగించి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మీ అబ్బాయి మరాఠీ మీడియం అయితే అర్జీ వాడే రాస్తాడు. కేసు రాసినా, ఇలాంటి చిన్నవాటిని సొమ్ము కట్టి రాజీ చేసుకునే వీలు సెక్షన్ 68 ఇస్తుంది. తమంతట తాము వచ్చి ఇచ్చినవాళ్లనూ, సోదాలో దొరికినవాళ్లనూ ఏ అధికారీ ఒకేలా చూడడు.

ఇప్పుడు బాయిలో దొరికిన చేప. చేను మీ పేరుమీద, మీ సాత్-బారాలో (మహారాష్ట్రలో భూమి హక్కు చూపే కాగితం) ఉందనే అనుకుంటున్నాను. అదే నది ఇసుకలో దొరికితే కథ వేరుగా ఉండేది. మహారాష్ట్ర భూమి రెవెన్యూ కోడ్, 1966 ప్రకారం నదులు, వాగుల అడుగు నేల సర్కారుది. అదే కోడ్ సెక్షన్ 48 ఖనిజాల హక్కును, అవి పట్టా భూమిలో ఉన్నా సరే, రాష్ట్రానికే ఉంచింది. సున్నపురాయి ఖనిజమే, అందులో సందేహం లేదు. దాంట్లో ఇరుక్కున్న చేప ఖనిజమా అంటే చట్టంలో సూటి జవాబు లేదు. కానీ ఆ సెక్షన్ గురి అనుమతి లేని తవ్వకాల మీద. సొంత బాయి పూడిక తీస్తుంటే అరచేయంత పలక బయటపడడాన్ని గని తవ్వకం అనడం అతిగా ఉంటుంది. అంత చిన్న హానికి ఎవరూ ఫిర్యాదు చేయరనుకునే పనిని నేరంగా చూడొద్దని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 33 కూడా చెబుతోంది. మీరు ఒక్క లాకెట్ చేయించుకుని మీ కోడలి మెడలో వేస్తే కేసు నిలబడదని నా నమ్మకం.

అయినా ఒక పాత చట్టం ఉంది, దాన్ని దాటేసి రాస్తే తప్పు చేసినవాణ్ణవుతాను. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. భూమిలో దాగిన విలువైన వస్తువు ఏదైనా, దాని విలువ పది రూపాయలు దాటితే (1878 నాటి పది రూపాయలు, ఇప్పటికీ అలాగే ఉంది!) దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. చేపను ఎవరూ దాచిపెట్టలేదు, అదే బురదలో పడి చచ్చింది, కాబట్టి అది 'నిధి' కాదని నేను వాదిస్తాను. ఎదుటి వకీలు ఊరుకోడు. ఆ చట్టం సెక్షన్ 20లో, కబురు చెప్పకపోయినా, గుర్తుపట్టకుండా వస్తువు రూపం మార్చినా ఏడాది దాకా జైలు అని ఉంది. రాయిని కోసి, సానబట్టి, వెండిలో బిగించడం రూపం మార్చడం కాదా అని అడుగుతాడు. ఈ తలనొప్పి ఒక్క అర్జీతో పోతుంది. తహసీల్దార్ ద్వారా కలెక్టరుకు: ఫలానా గట్ నంబరు (సర్వే నంబరు) చేన్లో, ఫలానా తేదీన, పూడిక తీస్తుండగా ఇది దొరికింది, ఫోటో జతచేశాం, సొంతానికి ఉంచుకోదలిచాం, అభ్యంతరం ఉంటే తెలపగలరు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు భద్రంగా పెట్టుకోండి.

అర్జీతో పాటు ఇంకో పని చేయమంటాను. ఇది చట్టం కోసం కాదు. మీ ఊరి పక్కనున్న 'కోట' పేరుతోనే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతిపొరల్ని పిలుస్తారు. ఆ పొరల్లో దొరికిన లెపిడోటీస్ అనే చేప గురించి 1851లోనే రాశారు. మందమైన, ఎనామిల్ లాంటి మెరుపున్న పొలుసులు దానివి. మీ వర్ణన దానికి బాగా సరిపోతోంది. మీ తాలూకాలోని పోచంపల్లి దగ్గర తవ్విన సుమారు 300 ఎముకలతోనే బారాపాసారస్ టాగోరీ అనే పెద్ద డైనోసార్ లోకానికి తెలిసింది. దాని అస్థిపంజరం కలకత్తాలో భారతీయ గణాంక సంస్థలో నిలబెట్టి ఉంది. పేరులో ఠాగూర్ ఉన్నాడు, ఊరివాళ్ల పేరు లేదు, అది వేరే బాధ. "చిన్నదే కదా సార్" అని మీరనొచ్చు. అదే కోట పొరల్లో తొలికాలపు పాలిచ్చే జంతువుల పళ్లు దొరికాయి, ఆవగింజ సైజులో. శిలాజాల్లో చిన్నది అంటే తక్కువది అని కాదు.

అందుకని కంసాలి దగ్గరికి పోయేముందు పలకకు రెండు వైపులా ఫోటోలు తీయండి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి. వాటిని నాగపూర్‌లోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. విడి పొలుసులైతే ముందుకు పోవచ్చు. తల, రెక్క, వెన్నుపూస కలిసి ఉంటే మాత్రం ఆ పలకను కోయించకండి. స్పాంజిలా సన్నటి రంధ్రాలున్న బొక్క ముక్క, పన్ను లాంటిది దొరికినా అంతే. అలాంటి దాన్ని కోడలి మెడలో వేస్తే సీమంతం ఫోటోలో బాగుంటుంది, కానీ దాని కథ చెప్పగలిగే మనిషి చేతికి ఇక ఎప్పటికీ అందదు. సీమంతానికి జవాబు రాకపోతే? ఆ రోజుకు వేరే లాకెట్ పెట్టండి, పురుడుకు ఇది పెట్టొచ్చు.

మీ అక్క కొడుకు సంగతి. ఇంకా తవ్వి అమ్ముదాం అన్న క్షణం నుంచి నేను పైన మీ తరఫున చెప్పిన మాటలన్నీ చెల్లకుండా పోతాయి. పూడికతీత తవ్వకమవుతుంది, ఒక్క పలక సరుకవుతుంది, అప్పుడు సెక్షన్ 48 జరిమానాలు నిజంగానే మీ గడప తొక్కుతాయి. చేప పొలుసును 'డైనోసార్ చర్మం' అని పెట్టి అమ్మితే కొన్నవాడు వినియోగదారుల కమిషన్‌కు పోతాడు. బయటి దేశానికి పార్సిల్ పంపితే కస్టమ్స్ వాళ్లు కాగితాలడుగుతారు, మీ దగ్గరుండవు. ఆ అబ్బాయికి వద్దని గట్టిగా చెప్పండి.

కంసాలికి రెండు మాటలు. సున్నపురాయి మెత్తనిది, గీత పడుతుంది. వెండి తెల్లబరచడానికి వాడే ఆమ్లం చుక్క పడితే నురగ కక్కి కరిగిపోతుంది. కాబట్టి గూడు మొత్తం చేసి, అతుకులు వేసి, ఆమ్లంలో ముంచి కడిగేశాకే రాయి పెట్టమనండి, మంట దానికి తగలకూడదు. వెనకవైపు మూయకుండా వదిలేస్తే రాయిని చూసి గుర్తుపట్టొచ్చు, 'గుర్తు దాచారు' అన్న మాట రాదు. బిల్లులో వెండి బరువు, మజూరీ వేరుగా రాసి, 'రాయి గిరాకీదే', అంటే మీరు తెచ్చిందే, అని ఒక లైను రాయించుకోండి. కలెక్టరుకు పంపిన అర్జీ నకలు, పోస్టు రసీదు ఆ బిల్లుకు పిన్ను కొట్టి బీరువాలో పెట్టండి.