పైకి నిండుగా కనిపించే నూనె కూజా

ప్రశ్న: ఏథెన్స్‌ జాతీయ పురావస్తు మ్యూజియంలో సన్న మెడ, ఒంటి పిడి ఉన్న తెల్లటి మట్టి కూజాలు చూశాను. బొమ్మల్లో రంగులు సగం రాలిపోయాయి. పక్కనే ఉన్న ఎర్ర, నల్ల కుండలేమో నిన్న చేసినట్టున్నాయి. ఎందుకీ తేడా?
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరు చూసినవి లెకిథోస్‌లు, అంటే నూనె కూజాలు. మెడ సన్నం కాబట్టి ఆలివ్ నూనె ఒక్కసారిగా ఒలికిపోదు. నల్ల కుండల మీద నలుపు నిజానికి రంగు కాదు, పల్చటి బంకమట్టి పూత. బట్టీలో కాలి కుండకు అతుక్కుపోతుంది. తెల్లవాటి మీద ఎరుపు, నీలం లాంటివి చాలావరకు కాల్చిన తర్వాత అద్దారు. అందుకే నిలవలేదు. వంటింట్లో వాడితే నెల కూడా ఆగేవి కావని నా అనుమానం!

క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్‌వాళ్లు వీటిని చనిపోయినవాళ్ల కోసమే చేయించి సమాధుల దగ్గర పెట్టేవారు. బొమ్మలూ అలాంటివే: సమాధి రాయికి కట్టడానికి రిబ్బన్ల బుట్ట తెచ్చిన ఆడమనిషి, ఆవలి లోకానికి పడవ నడిపే కేరోన్.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. కొన్నింటిలో మెడ కింద లోపలే ఓ చిన్న గిన్నె ఉంటుంది. అది నిండితే చాలు, చూసినవాళ్లకు కూజా అంతా నూనె ఉన్నట్టే. నూనె ఖరీదు మరి! లోపల చిక్కుకున్న గాలి వేడికి కుండను పగలగొట్టకుండా పక్కన చిన్న కన్నం పెట్టేవారు. మళ్లీ వెళ్తే ఆ కన్నం కోసం వెతకండి.