కిడ్నీ దెబ్బతింటే యాంటీబయాటిక్‌ మాత్ర సగం వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, బరువు 54 కిలోలు. షుగర్‌కు గ్లిమెపిరైడ్‌, మెట్‌ఫార్మిన్‌ వాడతారు. మూడు నెలల కిందట క్రియాటినిన్‌ 2.4 ఉంది. రెండు రోజులుగా మూత్రంలో మంట, చలిజ్వరం. ఇంట్లో మిగిలిన లీవోఫ్లాక్సాసిన్‌ 500 మాత్రను కిడ్నీ కోసమని సగం చేసి పొద్దున, రాత్రి వేస్తున్నాం. నడుం నొప్పికి షాపులో డైక్లోఫెనాక్‌ ఇచ్చారు. డోసు సరేనా? ఏ పండ్లు తినొచ్చు?
- ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: పండ్ల సంగతి తర్వాత. ముందు డైక్లోఫెనాక్‌ ఆపండి. అది కిడ్నీకి రక్తం అందే దారిని బిగిస్తుంది. జ్వరంతో, మన అనంతపురం ఎండలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మరీ ప్రమాదం. చలిజ్వరంతో పాటు నడుం నొప్పి ఉందంటే ఇన్ఫెక్షన్‌ కిడ్నీదాకా పాకి ఉండొచ్చు. ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. క్రియాటినిన్‌ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, యూరిన్‌ కల్చర్‌ (మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష), మూత్రం దారిలో ఎక్కడైనా అడ్డు ఉందేమో చూడటానికి స్కానింగ్‌ అవసరం.

డోసు విషయం. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగిస్తే మీ నాన్నగారి కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం నిమిషానికి సుమారు 22 మి.లీ. అని వస్తుంది. అదీ మూడు నెలల నాటి లెక్క. ఇవాళ ఇంకా తక్కువ ఉండొచ్చు. ఈ స్థాయిలో లీవోఫ్లాక్సాసిన్‌ సాధారణంగా మొదటి రోజు పూర్తి 500, రెండో రోజు నుంచి రోజుకు ఒక్కసారే 250. మీరు రెండు పూటలా సగం సగం వేసి రోజుకు 500 పూర్తిగానే ఇస్తున్నారు! మొదట్లో తగలాల్సిన దెబ్బ క్రిములకు తగల్లేదు, తర్వాత మందు ఒంట్లో పేరుకుంటోంది. పైగా గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగర్‌ హఠాత్తుగా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్‌ కూడా ఈ వడకట్టే వేగం 30 లోపు ఉంటే వాడకూడదు, డాక్టరుకు చెప్పండి.

అన్ని యాంటీబయాటిక్‌లకూ ‘సగం’ సూత్రం పనిచేయదు. అమాక్సిసిలిన్‌-క్లావులనేట్‌ 625 అయితే మూడు పూటలకు బదులు రెండు పూటలు. డాక్సీసైక్లిన్‌కు తగ్గించే పనే లేదు. నైట్రోఫ్యురాంటోయిన్‌ ఈ కిడ్నీతో మూత్రంలోకి చాలినంత చేరదు, నరాలను దెబ్బతీస్తుంది కాబట్టి అసలే వద్దు. రోగిని చూడకుండా నేను రాస్తున్న అంకెలివి, వీటిని పట్టుకుని మాత్రలు విరవకండి.

మిగిలిన మాత్రలు దాచుకోవడం దేనికండీ? రెండు రోజుల అరకొర మందుతో ఇప్పుడు కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు. ఏం వేశారో ల్యాబ్‌లోనూ చెప్పండి.

షుగర్‌ 70 లోపు పడినా, మగతగా ఉన్నా, వాంతులైనా, మూత్రం తగ్గినా క్షణం ఆగొద్దు. వెళ్లేటప్పుడు మాత్రల షీట్లన్నీ, విరిచిన ముక్కలతో సహా, సంచిలో వేసుకెళ్లండి.