మ్యూనిక్‌లో సకినాలు చుట్టుడెట్లా?

ప్రశ్న: అక్కా నమస్తే, మాది ఉప్పల్, పెళ్లయి మ్యూనిక్ వచ్చి 8 నెలలైంది. సకినాలు లేకుంటే సంక్రాంతి వచ్చినట్టే ఉండదని మొన్న ఇండియన్ స్టోర్‌లో బియ్యప్పిండి ప్యాకెట్ తెచ్చి ట్రై చేసిన. చుడుతుంటేనే తెగిపోయినయ్, వేగినవేమో రాళ్లు, మా ఆయన ఒకటి కొరికి దవడ పట్టుకున్నడు. అమ్మ నేనే పంపిస్తా అంటోంది, చికెన్ పచ్చడి, పాలకోవా కూడా కలిపి. ఏం చెయ్యమంటరు?

జవాబు: చెల్లె, తప్పు నీ చేతిది కాదు, ఆ ప్యాకెట్‌ది. సకినాలకి పొడిపిండి అస్సలు పనికిరాదు, అరిసెలకి కూడా అంతే. ఇక్కడ మనం రాత్రి బియ్యం నానేసి పొద్దున వార్చి తడి ఉండగానే గిర్నీకి పట్టుకపోతం కదా, నీకక్కడ గిర్నీ లేకపోయినా మిక్సీ ఉంది, చాలు. సోనామసూరి తీసుకో, బాస్మతి జోలికి పోకు, మొదటిసారి అర కిలోకి మించి పెట్టుకోకు. నానిన బియ్యం వార్చి బట్ట మీద కాసేపు పరువు, పిడికిట్ల పడితే ముద్ద కట్టాలి కానీ చేతికి నీళ్లు అంటొద్దు, అప్పుడు మిక్సీ పట్టి జల్లించి వెంటనే కలుపుకో. నువ్వులు ఓ 100 గ్రాములు, వాము 2 స్పూన్లు, ఉప్పు, అంతే, కారం గీరం వద్దు. నీళ్లు ఒకేసారి గుమ్మరించకు, చిలకరిస్తూ కలుపు, వేళ్ల మధ్య మెలి తిప్పుతుంటే తెగకుండా జారాలి, అదే లెక్క.

ఇంకోటి, ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఒక చలికాలం స్టుట్‌గార్ట్‌లో మా బిడ్డ దగ్గరున్నప్పుడు హీటర్ పక్కన టేబుల్ మీద పాత కాటన్ పంచె పరిచి చుట్టిన. మన దగ్గర అరగంట ఆరనిస్తం కదా అని టీ పెట్టుకుని కూర్చున్న, వచ్చి చూస్తే ఆ వేడిగాలికి అన్నీ పగుళ్లే, అట్లకాడ పెట్టగానే ముక్కలు! కాబట్టి గడియారం చూడకు, సకినం చూడు, బట్ట నుంచి చుట్టు చెదరకుండా లేస్తే నూనెలో వేసెయ్, మరీ పచ్చిగా వేస్తే చిట్లి మీద పడ్తది. కిచెన్ తలుపు మూసి, కిటికీ తీసి వేయించు. మేం తలుపు మూయలే, హాల్లో స్మోక్ అలారం మోగింది, పక్కింటి పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది, ఆమెకి ఓ నాలుగు సకినాలు చేతిలో పెట్టి పంపినం, మర్నాడు ప్లేటు నిండా కేక్ వచ్చింది.

ఇక అమ్మ పార్సిల్ సంగతి. చికెన్ పచ్చడి వద్దే వద్దు, పాలకోవా కూడా వద్దు, బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు ఇట్ల యూరోపియన్ యూనియన్‌లోకి రానియ్యరు, తీసి పారేస్తరు. కొరియర్‌లో సకినాలు పంపితే మాత్రం నీ చేతికొచ్చేసరికి నూకే. ఎవరన్నా మనిషి వస్తుంటే గట్టి డబ్బాలో ఒకదాని మీద ఒకటి బిల్లల్లెక్క పేర్చి, సందుల్లో కాగితం కుక్కి, చేతి బ్యాగులో పెట్టుకోమను. మన దగ్గర పెళ్లికూతురు సారెలో గంపలకి గంపలు సకినాలు పోతయి కదా, పేర్చుడు మీ అమ్మకి ఒకరు నేర్పాల్నా!

ప్రశ్న: ఉగాది పచ్చడికి ఇక్కడ డబ్లిన్‌లో వేపపువ్వు దొరకదు, మామిడికాయ కూడా ప్రతిసారీ ఉండదు. ఎట్లా?

జవాబు: ఈసారి హైదరాబాద్ వచ్చినప్పుడు ఎండబెట్టిన వేపపువ్వు చిన్న పొట్లం అడిగి తెచ్చుకో, పచ్చట్లో వేసే ముందు కాస్త వేయించు. అదీ లేకుంటే వేయించిన మెంతుల పొడి చిటికెడు, చేదు వస్తది. మామిడికాయకి బదులు పుల్లటి ఆకుపచ్చ యాపిల్ సన్నగా తరిగి చింతపండు రసం ఓ చెంచా ఎక్కువెయ్యి. మా ఆడపడుచు ప్రతి ఏడూ అట్లనే చేస్తది, పిల్లలకి యాపిల్ అని చెప్పదు.