నర్సింగ్‌కి కండబలం కావాలా?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ అయింది. బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలని ఉంది. నా ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళాలు, బరువు 41 కిలోలు. పేషెంట్లను ఎత్తడం నీవల్ల కాదని ఇంట్లో అంటున్నారు.
– విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: ‘ఎత్తడం’ అన్న మాట దగ్గరే మీవాళ్లు పొరబడ్డారు. వార్డులో పేషెంటును ఎత్తరు, జరుపుతారు. మంచం మీద కిందికి జారిపోయిన 70 కిలోల మనిషిని తలవైపు జరపాలనుకోండి. ముందు చక్రాలకు బ్రేకు వెయ్యాలి. ఆయాసం లేని మనిషైతే తలవైపు భాగం చదునుగా దించాలి, దించకపోతే గట్టు ఎక్కించినట్టే. వీలుంటే మంచాన్ని మీ నడుము ఎత్తుకు తెచ్చుకోవాలి. భుజాల నుంచి తొడల దాకా పేషెంటు కింద అడ్డంగా పరిచిన దుప్పటి (డ్రాషీట్) అంచును పేషెంటు ఒంటి దగ్గరికి చుట్టి, చెరోపక్క ఒకరు పట్టుకోవాలి. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, లెక్కపెట్టి ఇద్దరూ ఒకేసారి జరపాలి. స్పృహలో ఉన్న పేషెంటైతే మోకాళ్లు మడిచి మడమలతో పరుపును నెట్టమనండి, సగం బరువు ఆయనే మోస్తాడు. చంకల్లో చేతులు పెట్టి లాగితే ఆయన భుజం, మీ నడుము రెండూ పోతాయి. వీపు చర్మం పక్కబట్టలకు ఒరుసుకుంటే అక్కడే పుండు మొదలవుతుంది. కదల్లేని భారీ మనిషికి ఇద్దరు చాలరు, మూడో మనిషిని పిలవాల్సిందే. మీ బరువు గురించి బెంగ వద్దు గానీ, క్లినికల్ పోస్టింగుల్లో, అంటే ఆసుపత్రి వార్డుల్లో శిక్షణలో, గంటల తరబడి కాళ్ల మీదే ఉండాలి. ఆ ఓపిక ఇప్పటినుంచే పెంచుకోండి.

ప్రశ్న: రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. చూడగా చూడగా అలవాటైపోతుందంటారు, నిజమేనా?
– జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మొదటి సంవత్సరం, ఖమ్మం

జవాబు: సగం నిజం. అలవాటవుతుంది గానీ, ఊరికే చూస్తే చాలదు, సాధన కూడా కావాలి. ఇది పిరికితనం కాదు. గుండె వేగాన్ని అదుపు చేసే వేగస్ నరం స్పందనతో గుండె నెమ్మదిస్తుంది, కాళ్లలోని రక్తనాళాలు వదులవుతాయి, బీపీ పడిపోతుంది. చెమట, ఆవలింత, చెవులు మూసుకుపోయినట్టు ఉండడం దానికి ముందు గుర్తులు. అవి కనిపించగానే కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసి తొడలు, పిరుదులు, పిడికిళ్లు బిగించండి. ముఖం వెచ్చబడేదాకా, అంటే 10–15 సెకన్లు బిగించి, అరనిమిషం వదిలి, మళ్లీ బిగించాలి. ఇంట్లో రోజూ ఐదేసిసార్లు సాధన చేస్తే వార్డులో పనికొస్తుంది. అప్పటికీ ఆగకపోతే చెప్పి పక్కకొచ్చి కింద కూర్చోండి. పరువు పోతుందని కదలకుండా బిర్రుగా నిలబడ్డవాళ్లే క్రిములు లేకుండా శుద్ధి చేసిన పరికరాల ట్రే మీద పడతారు. టిఫిన్ మానేసి డ్యూటీకి వెళ్లొద్దు. రక్తంతో సంబంధం లేకుండా, పరుగెత్తినప్పుడు కూడా స్పృహ తప్పితే మాత్రం గుండె పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: లెక్కల్లో నేను సున్నా. నర్సింగ్‌లో లెక్కలుంటాయా?
– విద్యార్థి, నంద్యాల

జవాబు: కూడిక, గుణకారం, భాగహారం వస్తే చాలు. కానీ తప్పకూడదు. 500 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి. సెలైన్ ఎక్కించే గొట్టం (సెట్) మిల్లీలీటరుకు 20 చుక్కలదైతే 10,000 చుక్కల్ని 480 నిమిషాలతో భాగించాలి, నిమిషానికి 21 చుక్కలు. ఇక్కడ దెబ్బతినేది లెక్కలో కాదు, సెట్ కవరు చదవకపోవడంలో. అది 15 చుక్కల సెట్ అయ్యుంటే అదే 21 చుక్కలకు బాటిల్ ఆరుగంటల్లోనే ఖాళీ.

ప్రశ్న: మా అమ్మాయి నలుగురిలో నోరు విప్పదు. ఈ చదువు సరిపడుతుందా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మాటకారి కానక్కర్లేదమ్మా. కానీ మూడుచోట్ల మాట్లాడి తీరాలి. ఒకటి, మందిచ్చే ముందు. ‘లక్ష్మిగారేనా?’ అని అడిగితే మగతలో ఉన్నవాళ్లు దేనికైనా తలూపుతారు. ‘మీ పేరు చెప్పండి’ అని అడిగి, చేతి పట్టీతో, కేస్ షీటుతో సరిచూడాలి. రెండు, డాక్టరు ఫోన్లో మందు చెబితే రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. మూడోది పేషెంటుకు వాడిన సూది తనకు గుచ్చుకున్నప్పుడు. వేలు పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా సబ్బునీళ్లతో కడుక్కుని వెంటనే ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు. తిడతారేమోనని హాస్టల్‌కి వచ్చి ఫ్రెండ్‌కి చెప్పుకునే పిల్లలుంటారు. మీ అమ్మాయికి ఈ ఒక్కటి మాత్రం చేరకముందే గట్టిగా చెప్పి పంపండి.