ఆ ఒక్క మాటే తలలో తిరుగుతోంది

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 39 ఏళ్లు. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో లెక్కలు చూస్తాను. మావారు రేణిగుంటలో పనిచేస్తారు. పాప ఇంటర్ రెండో సంవత్సరం. మూడు నెలల కిందట చిత్తూరులో మా ఏరాలు (తోడికోడలు) వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. మాటల మధ్యలో ‘హాలు కొంచెం ఇరుగ్గా ఉన్నట్టుంది కదక్కా’ అన్నాను. అక్క ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. బయల్దేరేటప్పుడు పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ పెట్టింది గానీ ముఖంలో నవ్వు లేదు. అప్పటి నుంచి ఆ మాటే తలలో తిరుగుతోంది. బిల్లు కొడుతున్నా అదే, అంట్లు తోముతున్నా అదే, రాత్రి రెండింటికి మెలకువ వచ్చినా అదే. నా వాట్సాప్ స్టేటస్ అక్క చూసిందా లేదా అని పదేపదే చూసుకుంటున్నాను. నేను నోరు తెరిస్తే బంధాలు చెడిపోతాయి అనిపిస్తుంది. మావారిని అడిగితే ‘ఇంగ వదిలేయ్ మే’ అంటారు. చెడు ఆలోచన వచ్చినప్పుడు మంచి ఆలోచన పెట్టుకోమని ఎవరో చెబితే రోజూ అద్దం ముందు నిలబడి ‘నేనంటే అందరికీ ఇష్టం’ అనుకుంటున్నాను. అలా అనుకున్న మరుక్షణం ఏడుపొస్తోంది. కొండకు నడిచి వస్తానని మొక్కుకుంటే తగ్గుతుందా?

జవాబు: మీరు రాసిందంతా చదివాక నాకు గుర్తుండిపోయింది ఆ జాకెట్టు గుడ్డ. గృహప్రవేశమంటే ఆ ఇంటావిడకు ముందురోజు రాత్రి నుంచే నిద్ర ఉండదు. తెల్లవారుజామున ముహూర్తం, పాలు పొంగించడం, వ్రతం, వచ్చినవాళ్ల భోజనాలు. మధ్యాహ్నమయ్యేసరికి ఏ ఇల్లాలి ముఖంలోనైనా నవ్వు వెతుక్కోవాల్సిందే. అయినా ఆవిడ మిమ్మల్ని నిలబెట్టి, బొట్టు పెట్టి, చేతిలో గుడ్డ పెట్టి పంపింది. ఈ సంగతి రాసింది మీరే. కానీ నవ్వు లేకపోవడాన్ని పట్టుకున్నంత గట్టిగా దీన్ని పట్టుకోలేదు.

అలాగని అక్క నొచ్చుకోలేదని నేను హామీ ఇవ్వను. నొచ్చుకునే ఉండొచ్చు. కష్టపడి కట్టుకున్న ఇంటిని ఇరుకు అంటే ఎవరికైనా చివుక్కుమంటుంది. ఆ మాట అనకపోతే బాగుండేది. దాని బరువు అంతవరకే. ఒక ఫోన్‌తో తేలిపోయే విషయం ‘నేను నోరు తెరిస్తే బంధాలు చెడిపోతాయి’ అనే తీర్పు దాకా ఎలా పెరిగిందన్నదే అసలు సంగతి.

మీవారు మంచి మనసుతోనే వదిలేయమంటున్నారు. కానీ వదిలేద్దామని కూర్చుంటే ఏ ఆలోచనా పోదు. కోతిని తలుచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు ఇదే పని ప్రయోగంగా చేయించాడు. విద్యార్థులను కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. పైగా, తర్వాత తలుచుకోవచ్చని చెప్పినప్పుడు, మొదటి నుంచీ స్వేచ్ఛగా తలుచుకున్నవాళ్ల కంటే వీళ్లకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది. దీని తర్వాతి భాగం చాలామంది చెప్పరు. మీకు పనికొచ్చేది అదే. ఎలుగుబంటి గుర్తొస్తే దాని బదులు ఒక ఎర్ర ఫోక్స్‌వ్యాగన్ కారును తలుచుకోండి అని కొందరికి ముందే చెప్పిపెట్టాడు. వాళ్లలో ఆ ఎలుగుబంటి తర్వాత అంతగా తిరగబడలేదు. అంటే బదులుగా పెట్టుకునేది ఒకటే అయి ఉండాలి, అదేమిటో ముందే నిర్ణయించుకుని ఉండాలి. అప్పటికప్పుడు వెతుక్కుంటే మనసు మళ్లీ పాతదాని దగ్గరికే పోతుంది.

మరి మీ అద్దం ముందు మాట ఎందుకు పనిచేయలేదు? అందులో నిజం లేదు కాబట్టి. అందరికీ ఇష్టమైన మనిషి తిరుపతిలోనే కాదు, ఎక్కడా ఉండదు. నేనూ అంతే, మీ అక్కా అంతే. ‘అందరికీ ఇష్టం’ అనగానే మీ మనసు ‘మరి ఫలానా రోజు?’ అంటూ ఒక్కొక్కటే బయటికి లాగుతుంది. ఏడుపు అందుకే. ఇలాంటి తియ్యటి వాక్యాలు పోస్టర్ల మీద బాగుంటాయి. మీకు కావాల్సింది, రాత్రి రెండింటికి తలుచుకున్నా ‘అవును, అది నిజమే’ అనిపించే వాక్యం.

దాన్ని తయారుచేసుకునే పద్ధతి పాతదే. 1960లలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు, దిగులుతో వచ్చేవాళ్ల మనసులో వాళ్లకు తెలియకుండానే మెరుపులా వచ్చిపోయే ఆలోచనలను గమనించాడు. వాటిని పట్టుకుని కాగితం మీద పెట్టి, ఆధారాలతో సరిచూడటం నేర్పాడు. మీరు రోజంతా లెక్కలు సరిచూసేవారే కాబట్టి కష్టం కాదు. మీ తలలో తిరిగే వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయండి. కింద ఆ రోజు మీరు కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రమే రాయండి. ‘అక్క వంటింట్లోకి వెళ్లింది’ అని రాయొచ్చు. ‘కోపంతో వెళ్లింది’ అని రాయకూడదు, అది మీరు చేర్చింది. జాకెట్టు గుడ్డనూ రాయండి. అంతా చూసుకున్నాక మీ వాక్యం ఇంచుమించు ఇలా వస్తుంది: ‘ఆ మాట అనకుండా ఉండాల్సింది. అక్క నొచ్చుకుని ఉండొచ్చు, అలిసిపోయి ఉండొచ్చు. నేను చేయాల్సింది చేశాను.’ ఇదే మీ ఎర్ర కారు. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఇదే అనుకోండి. దానితో వాదనకు దిగొద్దు.

‘చేయాల్సింది చేశాను’ అనాలంటే ముందు అది చేసి ఉండాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేయండి. పిల్లల గురించో, ఆవకాయ గురించో మాట్లాడి, మధ్యలో ఒకే ఒక్క ముక్క: ‘అక్కా, ఆరోజు హాలు గురించి తొందరపడి అనేశాను, మనసులో పెట్టుకోవద్దు.’ ఆవిడ ‘ఏ మాట?’ అన్నా, ‘అవునమ్మా, బాధపడ్డాను’ అన్నా, మీరు సంజాయిషీ మొదలుపెట్టకండి. మూడు నెలలుగా నిద్రపోలేదని ఇప్పుడు చెబితే ఆ బరువు ఆవిడ నెత్తిన పెట్టినట్టవుతుంది. తర్వాత మళ్లీ ఫోన్ చేసి ‘నిజంగా పోయిందా అక్కా కోపం?’ అని అడగొద్దు.

స్టేటస్ చూసుకోవడం కూడా ఇలాంటిదే. చూసిందని తెలిస్తే ఓ పది నిమిషాలు ప్రాణం కుదుటపడుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. మీవారిని ‘నేను తప్పుగా అన్నానా?’ అని అడగడమూ అంతే. అడిగినకొద్దీ అడగాలనిపిస్తుంది. ఆ ప్రశ్న మళ్లీ వస్తే ‘దీనికి జవాబు చెప్పేశాను, పద అలా నడిచొద్దాం’ అనమని ఆయనకు మీరే చెప్పండి. ‘వదిలేయ్’ కంటే అది నయం.

వేళ గురించీ ఒక మాట. సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ తాగాక 20 నిమిషాలు ఈ ఆలోచనలకే కేటాయించండి. కాగితం, పెన్నుతో, కుర్చీలో కూర్చుని. మంచం మీద వద్దు. మిగతా వేళల్లో వస్తే ‘సాయంత్రం చూద్దాం’ అని రెండు ముక్కలు రాసిపెట్టి చేతిలో పని చూసుకోండి. చాలాసార్లు సాయంత్రమయ్యేసరికి రాయడానికి పెద్దగా ఏమీ మిగలదు. అంట్లు తోమేటప్పుడు చేతులు పనిచేస్తాయి గానీ తల ఖాళీ, అందుకే అది అక్కడ దూరుతుంది. ఆ సమయంలో పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజు పాఠం చెప్పమనండి. రాత్రి మెలకువ వచ్చి ఎంతకీ నిద్రపట్టకపోతే దొర్లకుండా లేచి, వెలుతురు తక్కువగా ఉన్నచోట కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే పడుకోండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి.

ఇక కొండ. తప్పకుండా వెళ్లండి. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కితే ఒంటికి పని పడుతుంది, ఆ రాత్రి నిద్రా పడుతుంది. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కితే చూపూ చెయ్యీ ఒకచోట ఉంటాయి. కానీ ‘ఈ ఆలోచన పోతేనే మొక్కు తీరినట్టు’ అని ముడిపెట్టకండి. దిగేటప్పుడు అది మళ్లీ పలకరిస్తే మొక్కులోనూ లోపం జరిగిందని కొత్త దిగులు మొదలవుతుంది. గోవిందా అనండి, పైకి వినబడేలా అనండి, లెక్కపెట్టకండి.

దీన్ని చిన్న విషయంగా నేను తీసేయడం లేదు. 1989లో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందే సుసాన్ నోలెన్-హోక్సెమా అనే పరిశోధకురాలు అక్కడి విద్యార్థుల ఆలోచనా తీరు నమోదు చేసి ఉన్నారు. బాధనే పట్టుకుని తవ్వుకునే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లలో, భూకంపం తర్వాత వారాలు గడిచినా దిగులు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి మూడు నాలుగు వారాలు ఇవన్నీ చేసినా నిద్ర రాకపోయినా, తిండి సయించకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరును కలవండి. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి, అది తేడాగా ఉన్నా ఇలాంటి టెన్షన్ రావచ్చు. బతకాలని లేదనిపిస్తే మాత్రం వారాలు ఆగొద్దు. వెంటనే ఇంట్లో చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఫోన్ మాత్రం ఈ ఆదివారమే చేయండి. అక్క చాలాసేపు మాట్లాడితే ఈసారి కొత్త ఇంట్లో మీకు నచ్చినదేమిటో కూడా చెప్పండి, నిజంగా నచ్చినదైతేనే.